మెయిల్ గ్రాఫులో ఖాళీ కనిపిస్తే సున్నా అనుకోవచ్చా?

గీదం ఒక కూడలి ఊరు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉంది. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒక దారి దంతెవాడ మీదుగా బైలడిలా ఇనుప గనుల వైపు, ఇంకొకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా గోదావరి దాటి తెలంగాణ వైపు వెళతాయి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది. బైలడిలా ఖనిజం విశాఖపట్నం రేవుకు చేరేది ఆ పట్టాల మీదే. మనుషులకూ ఖనిజానికీ ఇన్ని దారులున్న ఊళ్లో డేటాకు ఎన్ని దారులున్నాయన్నది వేరే ప్రశ్న. 2018 ఏప్రిల్ 14న ప్రధానమంత్రి బీజాపూర్ జిల్లా జాంగ్లాలో బస్తర్ నెట్ పథకం తొలి దశను ప్రారంభించినప్పుడు ఉద్దేశం ఇదే: బస్తర్ ప్రాంతపు ఏడు జిల్లాలను ఫైబర్‌తో కలపడం.

ఒక ఊహ చేద్దాం. గీదంలో ఒక విద్యాసంస్థకు సొంత మెయిల్ సర్వర్ ఉంది. బయటి ప్రపంచంతో దానికున్నది ఒక్కటే ఫైబర్ లింకు. ఒకరోజు ఉదయం 11 గంటలకు రోడ్డు పనుల్లో జేసీబీ తగిలి కేబుల్ తెగింది. సాయంత్రం 5 గంటలకు అతుకు వేశారు. ఆ ఆరు గంటలూ రాయ్‌పూర్‌లో కూర్చుని నెట్‌వర్క్‌ను గమనిస్తున్న ఇంజనీరు తెరమీద ఏం కనిపిస్తుంది? గీదం సర్వర్ పక్కనే కూర్చున్న ఉద్యోగి తెరమీద ఏం కనిపిస్తుంది?

రెండూ ఒకేలా ఉండవు. రాయ్‌పూర్ గ్రాఫులో 11 నుంచి 5 దాకా గీత ఉండదు. గీదంలోని గ్రాఫులో మాత్రం బయటికి వెళ్లాల్సిన ఉత్తరాల వరుస గంట గంటకూ పెరుగుతూ కొండలా లేస్తుంది. సంఘటన ఒకటే, బొమ్మలు రెండు. రాయ్‌పూర్ తెరమీది ఆ ఖాళీని ఎలా చదవాలన్నదే ఈ వ్యాసం. ఒక ఊరికి ఎంత సామర్థ్యమున్న లింకు ఇవ్వాలో తేల్చేటప్పుడు అధికారుల ముందుండేది చాలాసార్లు అలాంటి గ్రాఫే మరి.

ఆగి ఆగి వెళ్లే ఉత్తరం

వీడియో కాల్ మధ్యలో లింకు తెగితే కాల్ పోయినట్టే. ఈమెయిల్ అలా కాదు. దాన్ని తపాలా సంచీలా తయారుచేశారు. బస్సు రాకపోతే సంచీ పోస్టాఫీసులోనే ఉంటుంది, రేపటి బస్సుకు వెళుతుంది. ఈమెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు అందించే నియమాల పేరు ఎస్‌ఎంటీపీ. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో వీటిని ఆర్‌ఎఫ్‌సీ 821గా వెలువరించారు. అవతలి సర్వర్ పలకకపోతే ఉత్తరాన్ని పారేయకూడదు, దాచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి అన్నది ఈ పద్ధతిలోని మూలసూత్రం. చివరికి అందించలేకపోతే ఆ సంగతి పంపినవారికి చెప్పాలి.

ఎంతసేపు ప్రయత్నించాలి? చాలాచోట్ల వాడే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. దీన్ని ఐబీఎం పరిశోధనశాలలో వీట్సే వెనెమా రాశారు. మనం ఏమీ మార్చకపోతే, మొదటి ప్రయత్నం విఫలమైన ఉత్తరాన్ని ఇది 300 సెకన్ల తర్వాత మళ్లీ పంపి చూస్తుంది. అప్పుడూ కాకపోతే విరామం పెంచుకుంటూ పోతుంది, 4,000 సెకన్లు దాటనివ్వదు. అంటే గంటా ఏడు నిమిషాలు. ఐదు రోజులైనా పని కాకపోతే ఉత్తరాన్ని తిప్పి పంపుతుంది. కాబట్టి గీదంలో ఆరు గంటల అంతరాయానికి ఒక్క ఉత్తరం కూడా పోనక్కర్లేదు.

మన దేశంలో ఈమెయిల్ తొలి అడుగులు కూడా ఇలాంటి తెగుతూ అతుకుతూ ఉండే లింకుల మీదే పడ్డాయి. 1980ల రెండో సగంలో బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, ఐదు ఐఐటీలు, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ కలిసి ఎర్నెట్ అనే విద్యా నెట్‌వర్క్‌ను మొదలుపెట్టాయి. అప్పట్లో టెలిఫోన్ లైను మీద డయల్ చేసి, పోగైన ఉత్తరాలను ఒక్కసారిగా ఇచ్చిపుచ్చుకునేవారు. లైను దొరికిందాకా ఉత్తరాలు డిస్కు మీద కూర్చునేవి. వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే ఈమెయిల్ ఈ దేశపు నత్తనడక లైన్లకు అలవాటు పడి ఉంది.

ఈ ఓర్పుకు ఒక మూల్యం ఉంది. ఉత్తరం ఆగిపోయిన సంగతి పంపినవాడికి తెలియదు. కాల్ తెగితే ఇద్దరికీ అదే క్షణంలో తెలుస్తుంది. ఉత్తరం ఆగితే ఇద్దరూ అవతలివాడి మౌనమే అనుకుంటారు. అందుకే మెయిల్ సర్వర్‌కు గ్రాఫు అవసరం.

కౌంటర్, గేజ్

గ్రాఫు గీయాలంటే ముందు లెక్క కావాలి. నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి లెక్కలు అడిగేందుకు ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి 1988లో వచ్చింది. రౌటర్‌ను ‘ఈ పోర్టు గుండా ఇప్పటిదాకా ఎన్ని బైట్లు వెళ్లాయి?’ అని అడిగితే ఒక అంకె చెబుతుంది. మెయిల్ సర్వర్లకూ ఇలాంటి ప్రశ్నల జాబితా ఒకటి ఉండాలని 1994 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1566 ప్రతిపాదించింది: ఎన్ని ఉత్తరాలు అందుకున్నావు, ఎన్ని ముందుకు పంపావు, ఇప్పుడు నీ దగ్గర ఎన్ని ఉన్నాయి.

ఈ మూడింట్లో మొదటి రెండు ఒక జాతి, మూడోది మరో జాతి. అందుకున్నవి, పంపినవి ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి, బండి మీద కిలోమీటర్ల రీడింగులా. వీటిని కౌంటర్లు అంటారు. దగ్గర ఉన్నవి పెరుగుతాయి, తగ్గుతాయి, పెట్రోలు ముల్లులా. దీన్ని గేజ్ అంటారు. కౌంటర్‌ను ఉన్నదున్నట్టు గీస్తే ఎక్కుతూ పోయే వాలు గీత తప్ప మరేమీ కనిపించదు. ఐదు నిమిషాల క్రితం అంకెను ఇప్పటి అంకెలోంచి తీసేసి, 300 సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. గ్రాఫులో గీసేది ఆ వేగాన్ని.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. ఐదు నిమిషాలకోసారి గేజ్‌ను చూస్తే, మధ్యలో రెండు నిమిషాలు ఎగిసి పడిపోయిన వరుస కంటికి దొరకదు, ఆ సమాచారం పోయినట్టే. కౌంటర్‌లో అలా జరగదు. మధ్యలో ఎంత వచ్చినా మొత్తంలో కలిసే ఉంటుంది. మనకు పోయేది అది ఏ నిమిషంలో వచ్చిందన్న వివరం మాత్రమే. అందుకే అనుభవమున్నవారు వీలైన చోటల్లా కౌంటర్‌నే నమ్ముకుంటారు.

ఈ మూడు అంకెల మధ్య భౌతికశాస్త్ర విద్యార్థులు గుర్తుపట్టే సంబంధం ఒకటుంది. వచ్చిన వేగం నుంచి వెళ్లిన వేగాన్ని తీసేస్తే వచ్చేది, వరుస పెరిగే వేగం. తొట్టిలో నీటికీ కండెన్సరులో విద్యుదావేశానికీ వర్తించే నిత్యత్వ నియమమే ఇది. ఈ లెక్క సరిపోకపోతే ఏదో ఒక ఉత్తరం ఎక్కడో మాయమైందన్నమాట, లేదా కొలత తప్పన్నమాట. ఇంకో సంబంధం 1961లో జాన్ లిటిల్ నిరూపించినది. సగటు వరుసను సగటు రాక వేగంతో భాగిస్తే ఒక్కో ఉత్తరం సగటున వేచి ఉండే సమయం వస్తుంది. నిమిషానికి 30 ఉత్తరాలు వచ్చే సర్వర్‌లో వరుస సగటున 600 ఉంటే, ఒక్కో ఉత్తరం 20 నిమిషాలు ఆగుతోందని అర్థం. రేషన్ దుకాణం ముందు క్యూకూ ఇదే సూత్రం. ఏ ఉత్తరాన్నీ తెరవకుండానే, ఎవరు ఎవరికి రాశారో చూడకుండానే ఇంత సంగతి చెప్పవచ్చు.

64 కిలోబిట్ల లైనులోంచి పుట్టిన పరికరం

నెట్‌వర్క్ గ్రాఫుల చరిత్ర కూడా ఇరుకు లైనుతోనే మొదలైంది. 1994లో స్విట్జర్లాండ్‌కు చెందిన టోబియాస్ ఓటికర్ ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో డీ మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. అక్కడ బయటి ప్రపంచానికి ఉన్నది ఒక్కటే 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండిందో తెలుసుకోవాలని అందరికీ ఆత్రం. ఆయన పెర్ల్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. ఐదు నిమిషాలకోసారి రౌటర్‌ను అడిగి, వచ్చిన అంకెతో బొమ్మ గీసి, వెబ్ పేజీలో పెట్టేది. 1995 వసంతంలో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాని పేరు ఎంఆర్‌టీజీ. తర్వాత డేవ్ రాండ్ అనే ప్రోగ్రామర్ అందులో నెమ్మదిగా నడిచే భాగాలను సీ భాషలో తిరగరాశారు.

64 కిలోబిట్లు అంటే ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. 10 మెగాబైట్ల ఫైలును ఈమెయిల్‌కు జతచేస్తే అది అలాగే వెళ్లదు. ప్రతి 3 బైట్లను 4 అక్షరాలుగా మార్చి పంపుతారు, వరుసల విరుపులు కలిపి దాదాపు 13.7 మెగాబైట్లవుతుంది. 64 కిలోబిట్ల లైను మీద ఆ ఒక్క ఉత్తరానికి 28 నిమిషాలు దాటుతుంది. ఆ సమయంలో గ్రాఫు రెండు కథలు చెబుతుంది. బైట్ల గ్రాఫులో లైను నిండిపోయి ఉంటుంది. ఉత్తరాల గ్రాఫులో మాత్రం ఒకటంటే ఒకటే. తెలుగులో రాసిన విషయం వరుసకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. ‘గీదం’ అనే మాటకు కంప్యూటర్ లెక్కలో 4 సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 12. ఉత్తరంలో ప్రయాణించేటప్పుడు 16 అక్షరాలు. ఇంగ్లిషులో రాస్తే ఐదారు బైట్లతో పోయేది.

ఎంఆర్‌టీజీ ఎన్నో ఏళ్లు నెట్‌వర్క్ గదుల్లో గోడ గడియారంలా ఉండిపోయింది. ఏ అంకె ఇచ్చినా గీసేది కాబట్టి జనం దానితో గది ఉష్ణోగ్రత, డిస్కులో ఖాళీ, మెయిల్ వరుస, అన్నీ గీయించారు. 1999లో ఓటికర్ దానిలోని అంకెలు దాచే భాగాన్ని విడదీసి ఆర్‌ఆర్‌డీటూల్ అనే పరికరంగా విడుదల చేశారు. ఆ పునాది మీదే కాక్టై, మునిన్ లాంటివి వచ్చాయి. మెయిల్ సర్వర్లకు ప్రత్యేకంగా డేవిడ్ ష్వైకర్ట్ రాసిన మెయిల్‌గ్రాఫ్ కూడా దాని మీదే నడుస్తుంది. ఇది రౌటర్‌ను అడగదు. మెయిల్ సాఫ్ట్‌వేర్ రాసుకునే దినచర్య పుస్తకాన్ని, అంటే లాగ్ ఫైలును, వరుస వరుసా చదువుతుంది. పైన పంపినవి, అందుకున్నవి, కింద తిరస్కరించినవి, తిరిగొచ్చినవి, వైరస్, స్పామ్. రోజు, వారం, నెల, ఏడాది అంటూ నాలుగు బొమ్మలు. ఇప్పుడు ప్రోమేథియస్, గ్రఫానా జంట ఎక్కువగా వాడుకలో ఉంది. బొమ్మ మరింత అందంగా వస్తుంది. లోపలి లెక్క మాత్రం అదే.

గిర్రున తిరిగే అంకె

కౌంటర్‌ను నమ్మమన్నాను కానీ అది అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది. పాత స్కూటర్లలో 99,999 కిలోమీటర్లు దాటాక రీడింగు మళ్లీ సున్నాలకు వచ్చేది. ఎస్‌ఎన్‌ఎంపీ తొలి కౌంటర్లు 32 బిట్లవి. 429 కోట్ల 49 లక్షల బైట్లు దాటగానే అవీ సున్నాకు వస్తాయి. సెకనుకు 100 మెగాబిట్ల లింకు పూర్తిగా నిండి నడిస్తే దీనికి 343 సెకన్లు పడుతుంది. ఐదు నిమిషాలకోసారి చూసేవాడికి ఇబ్బంది లేదు, ఒక్కసారి తిరిగితే ప్రోగ్రాము పసిగట్టి సరిచేసుకుంటుంది.

లింకు గిగాబిట్‌కు పెరిగిందనుకోండి. ఇప్పుడు 34 సెకన్లకోసారి తిరుగుతుంది. ఐదు నిమిషాల్లో ఎనిమిది పూర్తి చుట్లు. ప్రోగ్రాముకు కనిపించేది చివరి ముక్క మాత్రమే. లెక్క వేస్తే, పూర్తిగా నిండిన గిగాబిట్ లింకు గ్రాఫులో సెకనుకు దాదాపు 84 మెగాబిట్లుగా కనిపిస్తుంది. వంద శాతం నిండిన లింకును పది శాతం కూడా వాడట్లేదని గ్రాఫు నిబ్బరంగా చెబుతుంది. 64 బిట్ల కౌంటర్లు వచ్చాక ఈ సమస్య తీరింది, కానీ పరికరాన్ని ఆ కౌంటర్ అడగమని ఎవరో ఒకరు చెప్పాలి. సినిమాల్లో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడానికీ దీనికీ మూలం ఒకటే: మనం చూసే వేగం కంటే జరిగే వేగం ఎక్కువ.

సగటు మింగేసిన శిఖరం

ఆర్‌ఆర్‌డీటూల్ పేరులోని మొదటి రెండు అక్షరాలు రౌండ్ రాబిన్‌కు గుర్తు. దాని ఫైలు ఒక గుండ్రటి బల్ల లాంటిది, కుర్చీలు ఇన్నే అని ముందే తేల్చుకోవాలి. కొత్త అంకె వచ్చినప్పుడు అందరికంటే పాత అంకె లేచిపోతుంది. అందుకే ఫైలు ఎప్పటికీ పెరగదు. పాతకాలపు చిన్న డిస్కులకు ఇది వరం. పాతది పూర్తిగా పోకుండా దాన్ని కుదించి పెద్ద బల్ల మీదికి చేరుస్తారు. ఎంఆర్‌టీజీ పద్ధతిలో రోజు గ్రాఫుకు 5 నిమిషాల సగటు, వారానికి 30 నిమిషాలది, నెలకు 2 గంటలది, ఏడాదికి ఒక రోజుది.

మన మరపు కూడా ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది. నిన్నటి భోజనంలో కూర గుర్తుంటుంది, పోయినేడాది ఇదే రోజు ఏం తిన్నామో గుర్తుండదు. గ్రాఫు విషయంలో చిక్కు ఏమిటంటే, మరిచిపోయిన చోట ఖాళీ ఉండదు, నున్నటి గీత ఉంటుంది.

ఒక సర్వర్‌కు మామూలుగా నిమిషానికి 20 ఉత్తరాలు వస్తాయనుకుందాం. ఒకరోజు ఎవరిదో పాస్‌వర్డ్ దొంగిలించి, దుండగులు ఐదు నిమిషాలపాటు నిమిషానికి 1,200 చొప్పున స్పామ్ వదిలారు. ఆ రోజు గ్రాఫులో ఇది తాటిచెట్టంత ఎత్తున నిలుస్తుంది. ఏడాది గ్రాఫుకు చేరేసరికి ఆ రోజంతటి సగటు 24.1. ఇరవైకీ ఇరవై నాలుగుకీ తేడా ఎవరి కంటికి ఆనుతుంది? ఆర్‌ఆర్‌డీటూల్‌లో సగటుతో పాటు గరిష్ఠాన్ని కూడా విడిగా దాచే వీలుంది. దాచమని ముందే చెప్పకపోతే తర్వాత తవ్వినా దొరకదు.

ట్రాఫిక్ సగటును ఎక్కువ సేపటికి తీసుకుంటే నున్నబడుతుందిలే అన్న నమ్మకం కూడా ఒకప్పుడు బలంగా ఉండేది. టెలిఫోన్ కాల్స్ విషయంలో డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్ 1909లో చూపింది అదే. 1989–92 మధ్య అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో ఈథర్‌నెట్ ట్రాఫిక్‌ను అతి సూక్ష్మంగా కొలిచి చూస్తే కథ వేరుగా తేలింది. లీలండ్, టాకు, విలింజర్, విల్సన్ 1993లో ఆ ఫలితాలు ప్రకటించారు. సెకన్లలో చూసినా, నిమిషాల్లో చూసినా, గంటల్లో చూసినా ఎగుడుదిగుడులు అలాగే ఉన్నాయి. దూరం నుంచి చూసినా దగ్గర నుంచి చూసినా గరుకు తగ్గని కొండ అంచులా. అంటే డేటా లింకులకు సగటు చూసి సామర్థ్యం నిర్ణయించడం టెలిఫోన్ లైన్ల కంటే చాలా ప్రమాదకరం.

మెయిల్ గ్రాఫులో ప్రపంచమంతా ఒకేసారి చూసిన పెద్ద పతనం 2008 నవంబర్ 11న జరిగింది. కాలిఫోర్నియాలో మెకోలో అనే హోస్టింగ్ సంస్థ ఉండేది. స్పామ్ పంపే బాట్‌నెట్లకు ఆజ్ఞలిచ్చే కంప్యూటర్లు చాలా అక్కడే ఉన్నాయని వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి బ్రయాన్ క్రెబ్స్, భద్రతా నిపుణులు ఆధారాలు చూపించారు. దానికి ఇంటర్నెట్ ఇస్తున్న రెండు సంస్థలు లింకు తీసేశాయి. ఆ రాత్రికి రాత్రి ప్రపంచంలో స్పామ్ మూడింట రెండొంతుల మేర పడిపోయింది. ఎక్కడెక్కడి మెయిల్ సర్వర్ల గ్రాఫుల్లోనూ ‘తిరస్కరించినవి’ అన్న గీత ఒక్కసారిగా కిందికి దిగింది. కొన్ని నెలల్లో మళ్లీ ఎక్కిందనుకోండి. ఆ రోజు ఆ గీతను చూసిన ఉద్యోగికి వార్త తెలియకపోతే, ముందుగా తన సర్వరే పాడైందని అనుమానించి ఉండాలి. అలా అనుమానించడమే సరైన పద్ధతి కూడా.

లేకపోవడం, తెలియకపోవడం

ఇప్పుడు గీదం కేబుల్ దగ్గరికి వద్దాం. రాయ్‌పూర్ ఇంజనీరు పరికరం ఐదు నిమిషాలకోసారి గీదం రౌటర్‌ను అడుగుతోంది. 11 గంటల తర్వాత జవాబు లేదు. ఆ చోట ఏం రాయాలి?

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది సున్నా రాయడం. ఎంఆర్‌టీజీలో దీనికోసం ఒక సెట్టింగే ఉంది. రెండోది, చివరిసారి వచ్చిన అంకెనే మళ్లీ రాయడం. ఆశ్చర్యంగా, ఎంఆర్‌టీజీ సొంత లాగ్‌లో మనం ఏమీ మార్చకపోతే జరిగేది ఇదే. ఆరు గంటలపాటు గీదం నిలకడగా పనిచేస్తున్నట్టు గీత అడ్డంగా సాగిపోతుంది. మూడోది, ‘తెలియదు’ అని రాయడం. ఆర్‌ఆర్‌డీటూల్ చేసేది ఇది. ‘ఇంత సమయంలోగా అంకె రాకపోతే తెలియదనుకో’ అని దానికి ముందే గడువు పెడతాం. ఆ గడువును హార్ట్‌బీట్ అంటారు. గడువు దాటితే గ్రాఫులో ఆ భాగం ఖాళీగా మిగులుతుంది.

సున్నాకూ ‘తెలియదు’కూ ఉన్న తేడా డబ్బు దగ్గర తేలుతుంది. గీదం లింకు సామర్థ్యం సెకనుకు 10 మెగాబిట్లు అనుకుందాం. రోజులో సగం సేపు తెగి ఉంది. పనిచేసిన సగంలో 8 మెగాబిట్లు పోయాయి, అంటే 80 శాతం నిండి, ఊపిరాడని స్థితి. తెగిన సమయానికి సున్నాలు రాసి సగటు తీస్తే 4 మెగాబిట్లు వస్తుంది. నివేదికలో ‘వాడకం 40 శాతం, ఇప్పటికి పెంచనక్కర్లేదు’ అని పడుతుంది. ‘తెలియదు’ అని రాసి, తెలిసిన సమయానికే సగటు తీస్తే 8 వస్తుంది. లింకు ఎంత తరచుగా తెగితే, సున్నా పద్ధతిలో ఆ ఊరికి అంత తక్కువ అవసరమున్నట్టు కనిపిస్తుంది. అసలే బాగాలేని చోటుకే సాయం ఆలస్యమయ్యేలా చేసే లెక్క ఇది. ఎవరూ కావాలని చేసింది కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగు. దీన్ని సాంకేతిక వివరంగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. వర్షపాతం నమోదులో రీడింగు తీసుకోని రోజుకు సున్నా రాసినా, ఆసుపత్రి రిజిస్టరులో పరీక్ష చేయని రోగికి ‘నెగెటివ్’ అని రాసినా జరిగేది ఇదే.

‘తెలియదు’ ఎంత పోగైతే సగటునే నమ్మకూడదు? దీనికి ఆర్‌ఆర్‌డీటూల్‌లో ఒక అంకె ఉంది, పేరు ఎక్స్‌ఫైల్స్ ఫ్యాక్టర్. పేరు వింటే ఆ పాత టీవీ సీరియల్ గుర్తొస్తుంది. దాన్ని 0.5గా పెడితే, సగానికి మించి తెలియని అంకెలున్న సమయానికి సగటు కూడా ‘తెలియదు’ అవుతుంది. ఎంత అజ్ఞానాన్ని సహించాలో ముందే అంకెగా రాసుకోవాల్సిన పరికరం ఇది. ఇలాంటి నిజాయితీ ప్రయోగశాల పరికరాల్లో కూడా అరుదే.

రాయ్‌పూర్ తెరమీది ఖాళీ ఇంకా ఒక విషయం చెప్పదు. కేబుల్ తెగిందా, గీదంలో కరెంటు పోయిందా, లేక అడిగే కంప్యూటరే ఆగిపోయిందా? చివరిది తేల్చడం తేలిక, అప్పుడు జగదల్‌పూర్, దంతెవాడ, అన్ని గ్రాఫులూ అదే నిమిషం నుంచి ఖాళీగా ఉంటాయి. మిగిలిన రెండూ తేలాలంటే గీదంలోనే ఒక కొలత ఉండాలి. విశాఖపట్నాన్ని 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు కరెంటు, టెలికాం రెండూ కలిసే దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు దూరం నుంచి చూసే గ్రాఫుకు రెంటి మధ్య తేడా తెలియదు. స్థానికంగా నడిచే చిన్న కంప్యూటర్, ఒక యూపీఎస్ ఉంటే, లింకు వచ్చాక తన దగ్గర దాచుకున్న అంకెలను చూపిస్తుంది. అప్పుడు ‘కరెంటు ఉంది, సర్వర్ పనిచేస్తోంది, ఉత్తరాలు పేరుకున్నాయి, కాబట్టి తెగింది లింకే’ అని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక మాట. చిన్న సంస్థలు సొంత మెయిల్ సర్వర్ నడపడం ఇప్పుడు తగ్గింది. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు కేంద్రీకృత వ్యవస్థ ఉంది, మిగతావారిలో ఎక్కువమంది పెద్ద కంపెనీల సేవలు వాడతారు. అప్పుడు వరుస గీదం సర్వర్‌లో పేరుకోదు. ఒక్కో ఫోనులో, ఒక్కో లాప్‌టాప్‌లో ‘అవుట్‌బాక్స్’లో చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. దాన్ని కలిపి గీసే గ్రాఫు ఎక్కడా ఉండదు. సొంత సర్వర్ ఉన్న చోట కూడా సగం కథే కనిపిస్తుంది. బయటికి వెళ్లాల్సినవి గీదంలో ఆగుతాయి, గీదానికి రావాల్సినవి పంపిన ఎందరో సర్వర్ల దగ్గర విడివిడిగా ఆగుతాయి.

ఇంకో జాగ్రత్త. గ్రాఫులో ఉత్తరాల సంఖ్య మాత్రమే ఉంటుంది, పేర్లు ఉండవు. కానీ ఆ సంఖ్యను తీసిన లాగ్ ఫైలులో పంపినవారి చిరునామా, అందుకున్నవారి చిరునామా, సమయం అన్నీ ఉంటాయి. గ్రాఫును గోడకు తగిలించవచ్చు, లాగ్‌ను తాళం వేసి ఉంచాలి, గడువు తీరాక చెరిపేయాలి. ఏళ్ల తరబడి సంఘర్షణ చూసిన ప్రాంతంలో ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది చిన్న విషయం కాదు.

కొండ దిగే వాలు

సాయంత్రం 5 గంటలకు కేబుల్ అతికింది. గీదం సర్వర్ నుంచి మామూలుగా నిమిషానికి 10 ఉత్తరాలు బయటికి పోతాయనుకుంటే, ఆరు గంటల్లో 3,600 పేరుకుని ఉంటాయి. ఇప్పుడు గ్రాఫులో కొండ దిగడం మొదలవుతుంది. ఎంత వేగంగా?

లింకు, సర్వర్ కలిసి నిమిషానికి 40 పంపగలిగితే, కొత్తగా వచ్చే 10 పోను 30 చొప్పున తరుగుతుంది. రెండు గంటల్లో వరుస ఖాళీ. అదే నిమిషానికి 12 మాత్రమే పంపగల ఇరుకు లింకయితే నిమిషానికి 2 చొప్పునే తరుగుతుంది. అంటే 30 గంటలు. మామూలు రోజున ఈ రెండు లింకుల గ్రాఫులూ ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ నిమిషానికి 10 ఉత్తరాలు పోతూ ఉంటాయి. తేడా బయటపడేది తెగి అతికిన రోజునే. కొండ ఎత్తు అంతరాయం ఎంతసేపో చెబుతుంది, దిగే వాలు లింకులో మిగులు ఎంతో చెబుతుంది.

నిజం గ్రాఫులో వాలు ఇంత నున్నగా ఉండదు. ఒక్కో ఉత్తరానికి తన మరు ప్రయత్నం గడువు వేరు. కేబుల్ అతికిన క్షణానికి కొన్ని ఇంకా గంట నిద్రలో ఉంటాయి. అందుకే మొదట కొద్దిగా దిగి, ఆగి, మళ్లీ మెట్టులా దిగడం మామూలే. ‘ఇప్పుడే అన్నీ పంపు’ అని ఆజ్ఞ ఇచ్చే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఉద్యోగి ఆ ఆజ్ఞ ఇస్తే 3,600 ఉత్తరాలూ ఒకేసారి ఇరుకు లింకు మీదికి ఎగబడతాయి. బైట్ల గ్రాఫు పైకప్పును తాకి చదునుగా సాగుతుంది. గీదం లింకు అసలు సామర్థ్యం ఎంతో చెప్పే అంకె ఆ చదును గీత ఎత్తులో ఉంటుంది. రాయ్‌పూర్ తెరమీద ఆ గీత కూడా కనిపిస్తుంది, దాని ఎడమ పక్కన ఆరు గంటల ఖాళీతో.